నీళ్లను కొట్టకు బిడ్డా

"నీళ్లను కొట్టకు బిడ్డా, గుంజు."

తెప్ప మీద నా వెనక కూర్చున్న మామ మొదటిరోజు చెప్పిన పాఠం ఇంతే. సొంత మేనమామ కాదు, ఊరి వరుసకు మామ. చెరువులో చేపలు పట్టి బతికేవాడు. నాకప్పుడు పదకొండేళ్లు. చేతిలోని చెక్కతో నీటిని చరిచి చరిచి మొహమంతా తడుపుకున్నాను గాని తెప్ప ఉన్నచోటు నుంచి కదల్లేదు. చెక్కను చప్పుడు కాకుండా ముంచాలి, ఒంటి దగ్గరికి లాగాలి, పైకి తీసేటప్పుడు అంచును పక్కకు తిప్పాలి. మనం వచ్చిన సంగతి చేపకు తెలియకూడదు. ఆ ఒడుపు చేతికి రావడానికి ఒక వానాకాలమంతా పట్టింది.

మొన్న దసరా సెలవుల్లో తమ్ముడి పిల్లల్ని తీసుకుని లక్నవరం పోయాను. ములుగు జిల్లా గోవిందరావుపేట మండలంలో, అడవి మధ్య, కాకతీయుల నాటి చెరువు. చుట్టూ గుట్టలు. ఆ గుట్టల నడుమ ఉన్న సందులకు కట్టలు పోసి వానను పట్టుకున్నారు ఆనాటి వాళ్లు. ఇప్పుడు జనం వేలాడే వంతెన దాటుతారు, ఫొటోలు దిగుతారు, స్పీడ్ బోటులో ఒక చుట్టు తిరిగి ఒడ్డెక్కుతారు. పిల్లల కేరింతలు నాకూ సంతోషమే. కానీ అంతటితో తిరిగొస్తే చెరువును చూసినట్టు కాదనిపిస్తుంది. "అన్నా, ఆ దీవి అవతలికి పోయినంక ఇంజన్ అయిదు నిమిషాలు బందు పెడ్తవా?" అని అడిగాను. బోటు నడిపే అతను నా వైపు వింతగా చూశాడు. "అందరు ఇంకా స్పీడు పెంచుమంటరు సార్" అంటూనే ఆపేశాడు.

ముందు చెవుల్లో ఇంజన్ హోరు మిగిలింది. అది తగ్గాక బోటు కడుపుకు నీళ్లు తగిలే చప్పుడు, ఎక్కడో నీటికాకి రెక్కలు విదిల్చిన చప్పుడు. అంతసేపూ అరుస్తున్న చిన్నది గొంతు తగ్గించి అడిగింది: "పెద్దనాన్నా, ఇక్కడ లోతెంత?"

తెడ్డు పట్టినవాడికి మొదట పుట్టే ప్రశ్న అదే. చెరువు లోతు బావి లోతులాంటిది కాదు. కట్ట దగ్గర, తూము ముందర నిండా ఉంటుంది. ఎగువకు పోయేకొద్దీ పలచబడి, శిఖంలోకి వచ్చేసరికి మోకాళ్లకు దిగుతుంది. అక్కడ ఎండిన చెట్ల మోళ్లు నీటి కింద దాక్కుని ఉంటాయి. లక్నవరంలో దీవులని మనం అనేవి మునగగా మిగిలిన గుట్టల నెత్తులు. పైకి కనబడే ఒడ్డు దగ్గర దీవి అయిపోదు, వాలు నీటి కిందికి ఇంకా సాగుతుంది. అందుకే ఎరిగినవాడు దీవిని దూరంగా చుట్టి వస్తాడు. ఇదంతా చెప్తుంటే బోటు నడిపే అతను తల ఊపుతూ, ఎండాకాలం బయటపడే ఒక బండను చేత్తో చూపించాడు. పైన అల కూడా లేదు.

బోర్డుల మీద అంతటా 'సరస్సు' అని రాస్తున్నారు. ఆ మాట నా నోటికి రాదు. సరస్సు దానంతట అది ఉంటుంది. చెరువును కట్టాలి, కట్టను కాయాలి, తూము ఎప్పుడు తెరవాలో నీరటికి తెలియాలి. తెలంగాణలో ఇలాంటివి 46 వేలకు పైగా ఉన్నాయి. రామప్పనే తీసుకోండి. గణపతిదేవుని కాలంలో సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో 1213లో గుడి కట్టించాడు. 2021లో దానికి యునెస్కో గుర్తింపు వచ్చింది. గుడి శిఖరానికి నీటిలో తేలే ఇటుకలు వాడారు. ఆ పక్కనే అంత పెద్ద చెరువు. మట్టి తేలేలా ఇటుకలు కాల్చినవాళ్లు, నీళ్లు నిలిచేలా అదే మట్టితో కట్ట పోసినవాళ్లు ఒకే కాలపు మనుషులు. గుడి చూసి వెనుదిరగకండి. సాయంత్రం పడవెక్కి, నీటి మీద నుంచి ఆ కట్టను చూడండి. దాని పొడవు, దాని వెనక ఆపిన బరువు అక్కణ్నుంచే తెలుస్తాయి.

నా మనసు మాత్రం పాకాల చెరువు మీద ఉంటుంది. నర్సంపేట దాటాక అడవి, అడవి దాటాక ఒక్కసారిగా నీళ్లు. పొద్దున్నే పోవాలి.

ఒక్క విషయంలో మాత్రం నేను మొండివాణ్ని. లైఫ్ జాకెట్ బిగించుకోని మనిషితో పడవెక్కను. 2019 సెప్టెంబర్ 15న పాపికొండల దారిలో, కచ్చులూరు దగ్గర గోదావరి వరదలో 70 మందికి పైగా ఉన్న పడవ మునిగింది. ఆ వారమంతా నేను టీవీ ముందు నుంచి లేవలేకపోయాను. చెరువు గోదావరి కాదని, ఎండగా ఉందని, ఫొటో బాగా రాదని జాకెట్ విప్పేవాళ్లను చూస్తే నాకు కోపం రాదు, భయమేస్తుంది. పిల్లలకు పక్క బకిళ్లు బిగిస్తే చాలదు. భుజాల దగ్గర పట్టి పైకి లాగి చూడండి. జాకెట్ చెవుల దాకా లేచి వస్తే అది ఆ పిల్లకు పెద్దదన్నమాట. మార్చి ఇవ్వమని అడగండి, సిగ్గుపడకండి.

ఆశ్వయుజం నుంచి సంక్రాంతి దాకా చెరువుల్లో పడవకు మంచి రోజులు. మత్తడి దుంకి, ఎర్రనీళ్లు తేరుకుని, గాలి చల్లబడి ఉంటుంది. ఆ తరువాత నీళ్లు దిగుతాయి. పోయిన ఫిబ్రవరిలో ములుగు దారిలో ఒక చిన్న చెరువుకు పోతే పెడల్ బోట్లన్నీ బురదలో కూర్చుని ఉన్నాయి. నీళ్లు నూరడుగులు వెనక్కి పోయాయి. "నాట్లు వడ్డయ్ సార్, తూము ఇడిసిన్రు. మళ్ల వానలకే" అన్నాడు అక్కడి కాపలా మనిషి. కట్టెక్కి అవతలికి చూశాను. కాలువ నిండుగా పారుతోంది. కింద మడుల్లో ఆడవాళ్లు వరుసగా వంగి నాట్లేస్తున్నారు. చెప్పులు విడిచి తూము పక్క రాతి మీద కూర్చుని, కాలువలో కాళ్లు పెట్టాను. నీళ్లు గట్టిగానే గుంజుతున్నాయి.