ఇబ్న్ బతూతా ‘రిహ్లా’లో ఆహారం: యాత్రికుడి స్థానం, కథన విశ్వసనీయత

వ్యాస సంగ్రహం:

యాత్రాసాహిత్యంలోని ఆహార వర్ణనలను ఆయా ప్రాంతాల సాంఘిక జీవనానికి నేరుగా ఆధారాలుగా స్వీకరించడం మన పరిశోధనల్లో తరచుగా కనిపించే పద్ధతి. పద్నాలుగో శతాబ్దపు మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా గ్రంథం ‘రిహ్లా’లోని కొన్ని ఆహార సన్నివేశాలను పరిశీలించి, ఈ పద్ధతికి ఉన్న పరిమితిని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం. వంటకం పట్ల యాత్రికుడి వైఖరిని దాని రుచి కంటే, ఆ భోజనం దగ్గర ఆయనకు దక్కిన స్థానమే ఎక్కువగా నిర్ణయించిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: యాత్రాసాహిత్యం, ఇబ్న్ బతూతా, రిహ్లా, ఆహారం, ఆతిథ్యం, రేవు పట్టణాలు, కథకుడి స్థానం.

1. ఉపోద్ఘాతం:

వీపున సంచీ తగిలించుకుని కొండలెక్కడం, పాత రేవు పట్టణాల్లో బస చేయడం, అక్కడి వీధుల్లో దొరికింది తినడం, తిరిగి వచ్చి ఆ అనుభవాన్ని రాయడం నేటి యాత్రాసాహిత్యంలో ఒక ప్రధాన ధోరణి. బ్యాక్‌ప్యాకింగ్ అని పిలిచే ఈ తరహా యాత్రకు ఇబ్న్ బతూతాను పూర్వీకుడిగా పేర్కొనడం కద్దు. ఆయన హిందూకుష్ కనుమలను దాటాడు, సింహళంలో శ్రీపాద శిఖరాన్ని ఎక్కాడు, ఆఫ్రికా తూర్పుతీరం నుంచి మలబారు వరకు రేవుల్లో గడిపాడు. వెళ్ళినచోటల్లా ఏం తిన్నాడో చెప్పాడు. పైకి చూస్తే పోలిక సరిపోయినట్టే ఉంటుంది.

అయితే ఈ పోలికను అంగీకరించే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. ఆయన తిన్న తిండి ఎవరు పెట్టారు? ఏ హోదాలో తిన్నాడు? ఈ ప్రశ్నతో ‘రిహ్లా’ను చదివితే ఆహార వర్ణనలు వంటకాల జాబితాగా కాక, మనుషుల మధ్య సంబంధాల చిత్రణగా కనిపిస్తాయి.

2. గ్రంథ స్వరూపం:

ఇబ్న్ బతూతా 1304లో టాంజియర్ నగరంలో జన్మించాడు. ఇస్లామిక న్యాయశాస్త్రం చదివిన కుటుంబం ఆయనది. 1325లో మక్కా యాత్రకు బయలుదేరి, సుమారు పాతికేళ్ళ తరువాత స్వదేశం చేరాడు. 1352లో సహారా ఎడారిని దాటి మాలి రాజ్యానికి వెళ్ళివచ్చాడు. మెరినిద్ సుల్తాను అబూ ఇనాన్ ఆదేశం మేరకు తన యాత్రలను చెబుతుండగా, ఇబ్న్ జుజయ్ అనే పండితుడు వాటిని గ్రంథస్థం చేశాడు. ఈ రచన 1355లో పూర్తయింది.

ఇక్కడ రెండు విషయాలను గమనించాలి. మొదటిది, ఇది ఎప్పటికప్పుడు రాసుకున్న దినచర్య కాదు. చాలా భాగం ఏళ్ళ తరువాత జ్ఞాపకం నుంచి చెప్పినది. కొన్ని నగర వర్ణనలు పూర్వ యాత్రికుడు ఇబ్న్ జుబైర్ గ్రంథం నుంచి తీసుకున్నవని పండితులు గుర్తించారు. రెండవది, ఇది రాజాస్థానం కోసం తయారైన కథనం. రాజులు తనను ఎలా ఆదరించారో చెప్పడం ఇందులో కథకుడి ప్రతిష్ఠకు సంబంధించిన అంశం.

3. మొగదిషు - అతిథిని నిర్ణయించే పళ్ళెం:

1331లో ఇబ్న్ బతూతా చేరిన మొగదిషు సంపన్నమైన రేవు. ఓడ రాగానే యువకులు చిన్న పడవల్లో ఎదురువచ్చేవారు. ఒక్కొక్కరి చేతిలో మూతపెట్టిన భోజనపు పళ్ళెం ఉండేది. దాన్ని ఓడలోని ఒక వర్తకుడికి అందించి, ఇతడు నా అతిథి అని ప్రకటించేవారు. ఆ వర్తకుడు అతని ఇంట్లోనే దిగాలి. సరుకుల అమ్మకం, కొనుగోలు అతని ద్వారానే జరగాలి. అంటే ఆ పళ్ళెం ఆతిథ్యమూ, వ్యాపార ఒప్పందమూ కూడా. ఇబ్న్ బతూతా వర్తకుడు కాదు, న్యాయశాస్త్రవేత్త. అది తెలియగానే ఆయనను వర్తకుల వరుస నుంచి వేరుచేసి న్యాయాధికారి దగ్గరకు, అక్కడినుంచి సుల్తాను ఆతిథ్యానికి తీసుకువెళ్ళారు.

తరువాత వచ్చే భోజన వర్ణన గ్రంథంలోని వివరమైన ఆహార వర్ణనలలో ఒకటి. పెద్ద కొయ్య పళ్ళెంలో నేతితో వండిన అన్నం, దానిపై కోడి, మాంసం, చేప, కూరగాయలతో చేసిన ఆధరువులు, పాలలో ఉడికించిన పచ్చి అరటికాయ, పెరుగు, ఊరబెట్టిన నిమ్మకాయలు, మిరియపు గుత్తులు, పచ్చి అల్లం, మామిడికాయలు. (మిరప ఇంకా ఈ తీరాలకు రాని కాలం కనుక ఇక్కడ మిరియాలనే గ్రహించాలి.) ముద్ద అన్నం తిని ఊరగాయ నంజుకునే క్రమాన్ని కూడా ఆయన చెప్పాడు. తెలుగు పాఠకుడికి ఈ విస్తరి పరాయిదిగా అనిపించదు. ఆ ప్రజలు అతిగా తింటారన్న వ్యాఖ్య ఉన్నా, వర్ణనలో మొత్తంగా కనిపించేది ప్రసన్నతే. రోజుకు మూడుసార్లు భోజనం, నాలుగో రోజున వస్త్రాలు అందుకున్న గౌరవనీయుడైన అతిథి ప్రసన్నత అది.

4. వలాటా, మాలి - తిండికి ముందే జరిగిన తీర్పు:

ఇరవయ్యేళ్ళ తరువాత సహారా దక్షిణపు అంచునున్న వలాటాలో దీనికి పూర్తిగా భిన్నమైన దృశ్యం కనిపిస్తుంది. స్థానిక అధికారి ఇచ్చిన విందులో, సగానికి కోసిన సొరబుర్రలో, దంచిన చిరుధాన్యాన్ని కొద్దిగా తేనె, పాలు కలిపి ఇచ్చారు. దీనికోసమేనా పిలిచిందని ఇబ్న్ బతూతా అడిగాడు. వారి దృష్టిలో ఇదే గొప్ప ఆతిథ్యమని తోటివారు చెప్పారు. వీరినుంచి మేలు ఆశించడం వృథా అని ఆయన నిశ్చయించుకున్నాడు.

ఈ సన్నివేశాన్ని విడిగా చదివితే పేద ప్రాంతపు సాదా తిండి యాత్రికుడికి నచ్చలేదని అనిపిస్తుంది. కథనక్రమం మరొకటి చెబుతుంది. విందుకు ముందే, అక్కడి పాలకుడు వర్తకులను ఎదుట నిలబెట్టి, దగ్గరలోనే ఉన్నా దుబాసీ ద్వారా మాట్లాడాడు. దాన్ని తెల్లజాతివారి పట్ల చిన్నచూపుగా భావించిన ఇబ్న్ బతూతా, ఈ దేశానికి ఎందుకు వచ్చానా అని అప్పుడే పశ్చాత్తాపపడ్డాడు. అంటే తీర్పు ముందే జరిగింది. సొరబుర్రలోని పాలూ తేనే దానికి సాక్ష్యంగా తరువాత వచ్చి చేరాయి. నల్లజాతివారి పట్ల ఆయనకున్న వర్ణవివక్ష కూడా ఈ తీర్పులో భాగమే.

మాలి రాజధానిలో ఇదే మరింత స్పష్టమవుతుంది. మన్సా సులైమాన్ నుంచి స్వాగత కానుక వచ్చిందని చెబితే, వస్త్రాలు, ధనం వచ్చాయనుకుని ఆయన లేచి నిలబడ్డాడు. వచ్చినవి మూడు గుండ్రని రొట్టెలు, ఒక చెట్టు గింజల నూనెలో వేయించిన గొడ్డుమాంసం, ఒక బుర్ర పెరుగు. ఆయన నవ్వాడు. తరువాత కొలువులో నిలబడి, ఇతర రాజుల ముందు మీ గురించి ఏమని చెప్పాలని సుల్తానునే అడిగాడు. అప్పుడు ఆయనకు ఇల్లు, భత్యం లభించాయి. తన కథనానికి విలువ ఉందని, దాన్ని ఒత్తిడిగా వాడవచ్చని కథకుడికి తెలుసు. యాత్రాకథన విశ్వసనీయతను చర్చించేవారు ఈ ఘట్టాన్ని విస్మరించరాదు.

అదే మాలిలో ఒక దుంపతో చేసిన సంకటి తిని ఆయన బృందంలోని ఆరుగురూ జబ్బుపడ్డారు, ఒకరు మరణించారు. ఆ ఘట్టాన్ని ఆయన ఎగతాళి లేకుండా సాదాగా చెప్పాడు. ప్రాణం మీదికి తెచ్చిన సంకటి కంటే, కానుకగా వచ్చిన రొట్టెలే ఆయనను ఎక్కువగా నొప్పించాయి.

5. దారిలో కొనుగోలు, మలబారులో అరటియాకు:

వలాటా నుంచి మాలి వరకు దారిలో భోజనసామగ్రి మోసుకుపోనక్కరలేదని ఇబ్న్ బతూతా చెప్పాడు. ఉప్పు ముక్కలు, గాజుపూసలు, సుగంధద్రవ్యాలు దగ్గరుంటే చాలు. ఊరు చేరగానే స్త్రీలు చిరుధాన్యాలు, పాలు, కోళ్ళు, రేగిపిండి, బియ్యం, అలసందల పిండి తెచ్చి అమ్ముతారు. నేటి బ్యాక్‌ప్యాకింగుకు ఈ గ్రంథంలో అత్యంత సన్నిహితంగా ఉన్న భాగం ఇదే. ఇక్కడ ప్రశంస లేదు, పరిహాసం లేదు. వలాటాలో విందుగా వచ్చి అవమానంగా తోచిన చిరుధాన్యమే, కొన్నచోట మామూలు సరుకుగా నమోదైంది. పదార్థం మారలేదు, తినేవాడి స్థానం మారింది.

మలబారు తీరంలో స్థానం మరో విధంగా మారుతుంది. దారిపొడవునా బాటసారులకు కొయ్య మండపాలు, బావులు ఉన్నాయి. అక్కడ నీళ్ళిచ్చే హిందువు తనవారికి పాత్రలో ఇస్తాడు, ముస్లింలకు దోసిట్లో పోస్తాడు. ముస్లింలు లేని ఊళ్ళలో వారికి వండిపెట్టి, అరటియాకులో వడ్డిస్తారు. ముస్లిం వాడిన పాత్రను పగలగొట్టడమో, అతనికే ఇచ్చివేయడమో చేస్తారు. మాలిలో కానుక చిన్నదైతే నవ్వినవాడు, ఇక్కడ అంటును ఆచారంగా నమోదుచేసి ముందుకు సాగాడు. వ్యక్తిగా తనను తక్కువ చేశారని కాక, అది అందరికీ వర్తించే కట్టుబాటని ఆయన గ్రహించి ఉండవచ్చు. ఏమైనా, అరటియాకు భోజనం మన సాహిత్యంలో సాధారణంగా శుచికీ, ఆదరణకూ చిహ్నం. అదే ఆకు ఎదుట కూర్చున్న పరాయివాడికి దూరానికి చిహ్నమైన సందర్భం ఇందులో నమోదైంది.

6. కొండదారి - కనిపించని మోతగాళ్ళు:

హిందూకుష్ దాటేటప్పుడు ఒంటెలు మంచులో కూరుకుపోకుండా వాటి ముందు కంబళ్ళు పరచినట్టు ఇబ్న్ బతూతా చెప్పాడు. భారతదేశం నుంచి తీసుకుపోయే బానిసలు చలికి ఎక్కువగా చనిపోవడంవల్ల ఆ పర్వతానికి ఆ పేరు వచ్చిందని వివరించాడు. సింహళంలో శ్రీపాద శిఖరయాత్రకు అక్కడి రాజు బానిసలు మోసే పల్లకిని, నలుగురు యోగులను, ముగ్గురు బ్రాహ్మణులను, పదిమంది పరివారాన్ని, తిండి సామగ్రి మోయడానికి పదిహేనుమందిని ఇచ్చాడు. దారిలోని జలగలు, నిమ్మరసం పిండి వాటిని వదిలించే ఉపాయం, శిఖరానికి చేర్చే గొలుసులు అన్నీ వర్ణనలో ఉన్నాయి. ఆ పదిహేనుమంది ఏం తిన్నారో మాత్రం లేదు. ఇబ్న్ బతూతా వీపున సంచీ లేదు. అది ఇతరుల భుజాల మీద ఉంది. ఆయనను నేటి ఒంటరి యాత్రికుల పూర్వీకుడిగా చెప్పేవారు ఈ పదిహేనుమందిని మరచిపోతున్నారు.

7. ఒక అభ్యంతరం:

మొగదిషు వర్ణనలోని ప్రసన్నతకు దూరమైన జ్ఞాపకపు మాధుర్యం, మాలి వర్ణనలోని కటువుతనానికి తాజా అనుభవం కారణం కావచ్చుగదా అనే అభ్యంతరం రావచ్చు. ఇందులో కొంత నిజం ఉంది. అయితే మాలి ప్రయాణంలోనే కొన్న తిండిని, జబ్బు తెచ్చిన తిండిని, కానుకగా వచ్చిన తిండిని ఆయన మూడు వేర్వేరు స్వరాలతో చెప్పాడు. కాలం ఒకటే అయినా స్వరం మారింది కనుక జ్ఞాపకం ఒక్కటే కారణం కాజాలదు. పైగా మాలిలోని న్యాయాన్ని, దారుల భద్రతను, ప్రార్థనల పట్ల ప్రజల శ్రద్ధను ఆయన మెచ్చుకున్నాడు. కటువుతనం అంతటా లేదు. ఆతిథ్యం దగ్గరే చిక్కబడింది.

8. తెలుగు పరిశోధనకు అన్వయం:

యాత్రాసాహిత్యంపై మన సిద్ధాంతవ్యాసాలలో ‘సాంఘిక జీవన చిత్రణ’ అనే అధ్యాయం, అందులో ‘ఆహారపు అలవాట్లు’ అనే ఉపశీర్షిక తరచుగా ఉంటాయి. వంటకాల పేర్లు అక్కడికి చేరేసరికి వాటిని ఎవరు, ఎవరికి, ఎందుకు పెట్టారన్న విషయం జారిపోతుంది. వలాటా సొరబుర్రను అలా నమోదుచేస్తే యాత్రికుడి కోపాన్నే ఆ ప్రాంత చరిత్రగా రాసినట్టవుతుంది.

ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’కూ ఈ పరిశీలన వర్తిస్తుంది. 1830 మే 18న చెన్నపట్నం నుంచి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరిన ఆయన, మజిలీలలో సామగ్రి దొరకడాన్ని, అంగళ్ళను, బ్రాహ్మణుల ఇళ్ళను నమోదుచేశాడు. ఈ వివరాలు ఊరి స్వరూపాన్ని ఎంత చెబుతాయో, పెద్ద పరివారంతో ప్రయాణించే అగ్రవర్ణ ఉద్యోగి అవసరాలను అంతే చెబుతాయి. అదే మజిలీలో పల్లకీ మోసిన బోయీలకు ఊరు ఎలా కనిపించి ఉంటుందన్నది పరిశోధకుడు అడగవలసిన ప్రశ్న. నేటి విదేశీయాత్రా రచనల్లో ‘స్థానిక ఆహారం’ అనే మాట కనిపించినప్పుడు కూడా ఇదే ప్రశ్న అడగాలి. డబ్బిచ్చి తిన్నవాడిని అతిథి అనలేం. అతిథిగా తిన్నవాడు నిష్పాక్షికుడు కాలేడు.

9. ముగింపు:

ఈ పరిశీలన ద్వారా తేలిన అంశాలు:

1. ‘రిహ్లా’లో ఆహారం పట్ల ప్రశంస, పరిహాసం, తటస్థత అనే వైఖరులు చాలావరకు యాత్రికుడికి దక్కిన మర్యాదను అనుసరించాయి.

2. చిరుధాన్యం విందుగా వచ్చినప్పుడు ఒకలా, సరుకుగా కొన్నప్పుడు మరొకలా వర్ణితం కావడం దీనికి బలమైన ఆధారం.

3. వర్ణనను పక్కనపెట్టినా పదార్థాల సమాచారానికి విలువ ఉంది. మొగదిషులో మామిడికాయ ఊరబెట్టడం, సహారా అంచున స్త్రీలు తిండి అమ్మడం చరిత్రకు పనికివచ్చే అంశాలే. వాటిని కథకుడి తీర్పు నుంచి వేరుచేయడం విమర్శకుడి పని.

4. యాత్రాసాహిత్య పరిశోధనలో ‘ఏం తిన్నారు’ అన్న ప్రశ్నతోపాటు ఎవరు వండారు, ఎవరు మోశారు, ఎవరు వడ్డించారు, యాత్రికుడు ఎక్కడ కూర్చున్నాడు అన్న ప్రశ్నలు తప్పనిసరి కావాలి. అప్పుడు ఆహారపు అలవాట్లన్న ఉపశీర్షిక కింద వంటకాలతోపాటు వాటిని వండి మోసిన మనుషులకు కూడా చోటు దక్కుతుంది.