సంఘం షాట్ ఎవరి సిద్ధాంతం?

దక్షిణాసియా మహిళా దర్శకుల కష్టాలంటే సెన్సారు, పెట్టుబడి, పంపిణీ అంటారు. కాదనం. కానీ ఆ చర్చంతా సినిమా చదువు చదివినవాళ్ళ చుట్టే తిరుగుతుంది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు 1990ల చివర్లోనే వీడియో కెమెరా పట్టారు. హుమ్నాపూర్ లక్ష్మమ్మ వంటివాళ్ళు. వాళ్ళ కమ్యూనిటీ మీడియా ట్రస్ట్ 2001లో ఏర్పడింది. అయినా వాళ్ళ గురించి రాసేవాళ్ళు మొదట చెప్పేది "చదువురాని ఆడవాళ్ళు" అనే. అక్కడ మెచ్చుకోలు కంటే ఆశ్చర్యమే ఎక్కువ.

వాళ్ళ భాష చూడండి. పైనుంచి కిందికి చూసేది పటేల్ షాట్. కిందినుంచి తలెత్తి చూసేది బానిస షాట్. కంటికి కన్ను ఎదురుగా తీసేది సంఘం షాట్. సంఘంలో అందరూ ఒకే ఎత్తున కూచుంటారు గదా! పైకోణం మనిషిని చిన్నగా చూపిస్తుందని పాఠ్యపుస్తకమూ చెప్తుంది. ఎవడు చూస్తే చిన్నగా అవుతాడో మాత్రం చెప్పదు. వీళ్ళు చెప్పారు. ఆ ఎత్తుకి కులముందని, భూమి ఉందని పేరులోనే పెట్టారు. ఇది సిద్ధాంతం కాక మరేమిటి? దీన్ని "అనుభవం" ఖాతాలో వేసి, సిద్ధాంతం కోసం పారిస్ వైపు చూడడం మన విమర్శకుల అలవాటు. అగ్రకుల స్త్రీవాదులూ అందులో తక్కువేం తినలేదు.

వరంగల్ రైతులకు బీటీ పత్తిమీద కోపమెందుకో 2003 చిత్రంలో అడిగారు. 2005లో మూడేళ్ళ మోసం లెక్క తీశారు. 2007 చిత్రానికి మాలి, దక్షిణాఫ్రికా, ఇండోనేషియా దాకా పోయారు. కూలి బతుకు తెలిసిన స్త్రీ చేను గట్టున కూచొని రైతుని విత్తనం ఖర్చెంత, దిగుబడెంత అని అడగడంలోనే ఈ సినిమాల బలం ఉంది. కెమెరా ఆపాక కూడా ఆ ఎత్తు సమానంగా ఉంటుందా అంటే, అది వేరే మాట.

దీని పక్కన బుందేల్‌ఖండ్ సంగతి పెట్టి చూడాల. ఖబర్ లహరియా విలేఖరులమీద రింటు థామస్, సుష్మిత్ ఘోష్ తీసిన "రైటింగ్ విత్ ఫైర్" 2022లో ఆస్కార్ నామినేషన్ దాకా పోయింది. శక్తివంతమైన చిత్రమే. అయితే తాము ఒకే పార్టీ వార్తలమీద పడి ఉన్నట్టు చూపడం సరికాదని ఆ విలేఖరుల సంస్థే బహిరంగంగా చెప్పింది. వార్తలు తీసే స్త్రీలే అక్కడ వస్తువు అయ్యారు. ఎడిటింగ్ బల్ల దగ్గర ఆఖరి మాట వాళ్ళది కాదు.

పస్తాపూర్‌లో ఇంకో చిక్కు. రే సినిమా అంటాం, మీరా నాయర్ సినిమా అంటాం. ఇక్కడికొచ్చేసరికి "డీడీఎస్ ఆడవాళ్ళ సినిమా" అయిపోతుంది. సమష్టి పేరు వాళ్ళ ఎంపికే కావచ్చు. దాన్ని సాకు చేసుకొని పేర్లు వదిలేసింది మాత్రం రాసేవాళ్ళే.