కొట్టకుండా కోసే పని
నోయిడా, గురుగ్రామ్ అపార్ట్‌మెంట్లలో స్లాబులోంచి పైపు దించాలంటే సుత్తీ ఉలీ చాలు, ఖర్చూ తక్కువ అంటారు. దెబ్బల అదురుకు కాంక్రీటులో పాకే పగుళ్లు ఆ లెక్కలోకి రావు. భూకంప ముప్పున్న ఢిల్లీ ప్రాంతంలో అవి చిన్న విషయం కాదు. అదే రంధ్రాన్ని మిషన్‌తో చేసే కోర్ కటింగ్ పనివాడు కొట్టడు, అరగదీస్తాడు. మంచి పనివాడైతే ముందు స్కానర్‌తో ఇనుప చువ్వల జాడ వెతుకుతాడు, ఆపైనే మిషన్ బిగిస్తాడు. మిషన్ బిట్టు, అంటే గొట్టం, అంచున వజ్రపు రవ్వలు పొదిగిన పళ్లు తిరుగుతుంటే, నీళ్లు వేడిని చల్లార్చి, ఊపిరితిత్తులకు చేటు చేసే సిలికా దుమ్మును బురదగా దించేస్తాయి. ఆ బిట్టు చువ్వనూ కోసేస్తుంది కదా, అదీ ప్రమాదమేగా అనొచ్చు. నిజమే! అందుకే ఇంజనీరును అడిగి రంధ్రం గుర్తును పక్కకు జరిపే పనివాడంటే నాకంత గౌరవం. అప్పటికీ మోటారు శబ్దం మారితే, చువ్వ తగిలిందని పసిగట్టి చేతి ఒత్తిడి సర్దుతాడు. చివరికి నున్నటి కాంక్రీటు దిమ్మ ఊడివస్తుంది. రంధ్రం చుట్టూ స్లాబు పెచ్చులూడకుండా నిలుస్తుంది.