రెండు నిలువు వరుసల మధ్య: జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే గణాంకాల పోలికపై ఒక విమర్శ

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో చాలా జిల్లాల వాస్తవ పత్రాల్లో ప్రతి సూచికకూ రెండు సంఖ్యలు పక్కపక్కన ఉంటాయి: 2019–21 విలువ, 2015–16 విలువ. పరిశోధకులు ఒకదాని నుంచి మరొకటి తీసివేసి, మిగిలినదానికి ‘ప్రగతి’ అనో ‘తిరోగమనం’ అనో పేరు పెడుతున్నారు. ఈ తీసివేత ఎంతవరకు చెల్లుతుందన్నదే ఇక్కడి ప్రశ్న.

1992–93లో మొదలైన ఈ సర్వే ఒకే కుటుంబాలను ఏళ్ల తరబడి అనుసరించదు. ప్రతి విడతలోనూ కొత్త నమూనాను ఎంచుకుంటుంది. కాబట్టి అది చూపేది వ్యక్తులలో వచ్చిన మార్పును కాదు, సమూహపు సగటులో వచ్చిన మార్పును. ఎవరిని అడిగారు, ఏ వయసువారిని కొలిచారు, దేనితో కొలిచారు అన్నవి నిలకడగా ఉంటేనే ఆ సగటులకు పోలిక కుదురుతుంది. ఆ నిలకడ లేదు. పిల్లల పోషణ స్థితిని మొదటి విడతలో నాలుగేళ్లలోపు, రెండో విడతలో మూడేళ్లలోపు, మూడో విడత నుంచి అయిదేళ్లలోపు పిల్లల్లో కొలిచారు. 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎదుగుదల ప్రమాణాలే మారాయి. కొలబద్దలు అందక మొదటి విడతలో ఆంధ్రప్రదేశ్ పిల్లల ఎత్తే కొలవలేదు. గిడసబారిన ఎదుగుదలపై మన రాష్ట్ర చరిత్ర రెండో విడతతోనే మొదలవుతుంది.

ఎల్లలదీ ఇదే కథ. 2016లో తెలంగాణలోని 10 జిల్లాలు 31 అయ్యాయి. ఖమ్మం పేరు నిలిచింది గానీ కొత్తగూడెం ప్రాంతం విడిపోయింది. పేరు చూసి రెండు విడతల ఖమ్మాన్ని పోల్చడం రెండు వేర్వేరు ప్రాంతాలను పోల్చడమే. ఇక జిల్లా నమూనా సగటున 900 కుటుంబాలు. అందులో 12–23 నెలల పిల్లలు కొద్దిమందే. అందుకే 25–49 మంది ఆధారంగా వచ్చిన సంఖ్యను పత్రంలో కుండలీకరణాల్లో ముద్రిస్తారు. ఎక్సెల్‌లోకి ఎక్కించేటప్పుడు మనవాళ్లు మొదట తొలగించేది ఆ కుండలీకరణాలనే!

అన్నిటికన్నా చిక్కైనది రక్తహీనత. 15–49 ఏళ్ల స్త్రీలలో అది 53.1 శాతం నుంచి 57 శాతానికి పెరిగిందని సర్వే చెప్పింది. ఈ పరీక్ష వేలి కొన నుంచి తీసిన రక్తపు చుక్కతో జరుగుతుంది. 2016–18 నాటి సమగ్ర జాతీయ పోషణ సర్వే సిర నుంచి రక్తం తీసి, 1–4 ఏళ్ల పిల్లల్లో రక్తహీనత 41 శాతమని తేల్చింది. దాదాపు అదే కాలంలో కుటుంబ ఆరోగ్య సర్వే 6–59 నెలల పిల్లల్లో 58.6 శాతమని చెప్పింది. వయోపరిమితుల్లో తేడా ఉన్నమాట నిజమే. అదొక్కటే ఇంత అంతరానికి కారణమంటే నమ్మడం కష్టం.

ఆరో విడత నుంచి రక్తహీనత పరీక్షను తొలగించారు. ఆ బాధ్యత హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ నడిపే మరో సర్వేకు వెళ్లింది. మెరుగైన పద్ధతిని ఎంచుకోవడాన్ని తప్పుపట్టలేం. అయితే పాతదాన్ని ఆపే ముందు కొన్ని జిల్లాల్లోనైనా అవే వ్యక్తులపై రెండు పద్ధతులనూ ఆ విడతలోనే ప్రయోగించి, వాటి మధ్య అంతరాన్ని నిర్ధారించి ఉండవలసింది. అటువంటి వంతెన లేకుండా కొత్త సర్వేలో సంఖ్య తగ్గితే, తగ్గింది రక్తహీనతో, కొలతలోని దోషమో ఆ రెండు వరుసలను చూసి చెప్పడం సాధ్యం కాదు.