గీతకు గల బరువు

గుడివాడ చుట్టుపట్ల నాట్లు పడు దినములలో, దమ్ముచేసిన మడిలో వరుసగా వంగి నారు నాటుచున్న స్త్రీల వెన్నురేఖను పెన్సిలుతో పట్టుకొనవలెనని నేను బోదెగట్టున ఎన్ని ఉదయములు కూర్చుంటినో లెక్క లేదు. మెడనుండి నడుమువరకు సాగు ఆ ఒక్క గీత చూచుటకెంత సులభమో గీయుటకంత దుస్సాధ్యము. నా కాగితముమీద చీరయంచు వచ్చెడిది, కొంగు వచ్చెడిది, మనిషిమాత్రము వచ్చెడిది కాదు.

అట్టి దినములలోనే, విల్లెమ్ డి కూనింగ్ 1940-41 ప్రాంతమున, తనకు కాబోవు భార్య ఎలైన్‌ను పెన్సిలుతో రచించిన చిత్రము యొక్క ముద్రిత ప్రతి ఒక పుస్తకమున నా కంటబడినది. 1950-52 నడుమ రంగులు పూసి, గీకివేసి, మరల పూసి ‘వుమన్-1’ను సాధించిన నైరూప్య వ్యక్తీకరణవాదిగా మాత్రమే ఆయనను ఎరిగియుండిన నేను చాలసేపు పుట త్రిప్పలేకపోతిని. చెక్కిలిమీది నీడ ఎచట మొదలై ఎచట ముగిసినదో చెప్పజాలము. తల బరువు మెడకును, మెడ బరువు భుజములకును దిగుట మాత్రము స్పష్టముగా తెలియును. పన్నెండేండ్ల ప్రాయముననే అలంకరణపనికి కుదిరి, రాత్రులు రోటర్‌డామ్ కళాశాలలో గీత దిద్దుకొనిన చేయి అది.

నైరూప్యచిత్రకారునికి మనిషిబొమ్మ చేతకాదనువారు మనలో పలువురు కలరు. అది అన్యాయమైన మాట. 1936లో గుడివాడలోనే జన్మించి, 2001లో పద్మశ్రీ పొందిన నైరూప్యచిత్రకారుడు ఎస్.వి. రామారావు మద్రాసులో కె.సి.ఎస్. పణిక్కర్ శిష్యుడు, 1962లో కామన్‌వెల్తు ఫెలోషిప్పుపై లండన్ చేరి, స్లేడ్ స్కూలులో విలియం కోల్డ్‌స్ట్రీమ్ వద్ద అభ్యసించినవాడు. ఆ కోల్డ్‌స్ట్రీమో, ఎదుట కూర్చున్న మనిషిని చేయి చాచి కొలిచి, కొలతగుర్తులను సైతము చిత్రమున చెరపక నిలిపిన నిష్ఠాపరుడు!

ఎలైన్ చిత్రమును చూచిన పిదపనే నా లోపము నాకు తెలిసినది: నేను అంచులను గీచుచుంటిని, బరువును కాదు. మరునాడు బురదలో దిగిన మడమనుండి మొదలిడి, దేహభారము ఏ కాలిపై నిలిచినదో చూచుచు పైకి వచ్చితిని. వెన్ను తనంత తానే వంగినది.

విజయవాడలో పిల్లలకు ఛాయాచిత్రములను ముందుంచి బొమ్మలు నేర్పుచున్న ఉపాధ్యాయులారా, నెలకొక్క దినమైనను సజీవుడైన మనిషిని వారి ఎదుట కూర్చుండబెట్టుడు. ఆ పూట రబ్బరును మాత్రము వారి చేతికి ఈయకుడు.