పాట కింద పోయిన మాట

ఎనభైల్లో, తొంభైల్లో పెళ్లి జరిగిన ఇళ్లలో చాలాచోట్ల అటక మీదో, బీరువా అడుగునో ఒక వీడియో క్యాసెట్ ఉంటుంది. దాన్ని చూసుకునే వీసీఆర్ మాత్రం ఉండదు. జపాన్‌కు చెందిన ఫునాయ్ కంపెనీ 2016లో తయారీ ఆపేశాక కొత్తవి రావడమే మానేశాయి.

టేపు అంటే పల్చటి ప్లాస్టిక్ పట్టీ మీద జిగురుతో అంటించిన ఐరన్ ఆక్సైడ్ పొడి. తేమ తగిలితే ఆ జిగురు సడలుతుంది, పైన బూజు పడుతుంది. బూజు పట్టిన టేపును శుభ్రం చేయించకుండా ఆడిస్తే తెగిపోవచ్చు. ఆ తర్వాత పెట్టిన క్యాసెట్‌కూ బూజు అంటుకుంటుంది. అందుకే కోస్తా ఊళ్లవాళ్లు మరీ ఆలస్యం చేయకూడదు.

డిజిటల్‌లోకి మార్పించేటప్పుడు మిక్సింగ్ చేసిన క్యాసెట్ ఒక్కటే ఇచ్చి ఊరుకోకండి, మిక్సింగ్ చేయని అసలు టేపు ఉంటే అదీ ఇవ్వండి. మిక్సింగ్‌లో అసలు శబ్దం తీసేసి సినిమా పాటలు వేసేవారు. అప్పట్లో అందరం దానికే ముచ్చటపడ్డాం. మా ఇంటి పెళ్లి క్యాసెట్‌లో అమ్మమ్మ పెదవులు కదులుతాయి, వినపడేది యుగళగీతం. మిక్సింగ్ చేయని టేపులో మాత్రం ఆవిడ వంటశాల గుమ్మంలో నిలబడి, "రెండో పంక్తికి అప్పడాలు అందలేదర్రా!" అని కేకేస్తుంది. ఆ గొంతు, ఆ యాస మాకు మిగిలింది అక్కడొక్కచోటే. కెమెరా ఊరికే తిరిగిన ఆ విడిదులు, భోజనాల బంతులు ఏవీ కత్తిరించనివ్వకండి.

జాగ్రత్త చేయకపోతే సినిమాలే మిగలవు. తెలుగులో తొలి పూర్తి టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చింది. దాని ప్రింటే మనకు దక్కలేదు. సినిమాలను భద్రపరచడానికి పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ 1964లో వచ్చింది. ఇంటి పెళ్లి టేపును భద్రపరచాల్సింది మాత్రం ఆ ఇంటివాళ్లే. మార్చిన ఫైలును మూడు చోట్ల ఉంచండి. రెండు కాపీలు వేర్వేరు రకాల పరికరాల్లో, మూడోది వేరే ఊళ్లో ఉన్న తోబుట్టువు దగ్గర ఉంటే మంచిది.

అంతా చేసినా, బంతిలో కూర్చున్నవాళ్లెవరో తెలియకపోతే మన పిల్లలకు అది ఎవరి పెళ్లో అయిపోతుంది. మా పెద్దత్తకు ఎనభై దాటాయి. ఆ ముఖాలకు పేర్లు, వరసలు, ఊళ్లు కలిపి చెప్పగలిగింది ఇప్పుడు ఆవిడొక్కతే. మీ ఇంట్లోనూ అలాంటి పెద్దవాళ్లు ఉంటారు. టేపు మారి రాగానే ముందు వాళ్లకు చూపించండి. వాళ్లు చెబుతున్నంతసేపూ ఫోన్‌లో రికార్డు చేసి, ఆ మాటల్నీ వీడియోతో పాటే దాచండి.