రథం మీద నుంచి చూసిన దుఃఖం

మా ఇంట్లో ‘బుద్ధా – రాజాఓం కా రాజా’ సీరియల్ ఇప్పుడు మూడోసారి నడుస్తోంది. 2013 సెప్టెంబరులో జీ టీవీలోనూ దూరదర్శన్‌లోనూ అది మొదలైనప్పుడు నేనింకా ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేస్తున్నాను. ఆదివారం పూట టీవీ ముందు చాప పరిచి, పక్క క్వార్టర్ల పిల్లల్ని కూడా పిలిచి కూర్చోబెట్టేవాణ్ణి. 1987 నుంచి రామాయణం, ఆ తర్వాత మహాభారతం చూస్తూ వచ్చినవాళ్లం. బాబాసాహెబ్ ఫోటో పక్కన బుద్ధుడి బొమ్మ పెట్టుకున్న ఇళ్లకు, మన తథాగతుడి కథ టీవీలో రావడమే ఒక పండుగ.

ఆ అభిమానం ఇప్పటికీ పోలేదు. సిద్ధార్థుడిగా హిమాంశు సోనీ ముఖంలోని నెమ్మది నాకు ఇష్టం. శుద్ధోదనుడి భయం ప్రతి తండ్రికీ అర్థమయ్యే భయం. కాజల్ జైన్ వేసిన యశోధరలో ఆత్మగౌరవం ఉంది. అసితుడిగా కబీర్ బేడీ గొంతు వినిపిస్తే ఇంట్లో మాటలు ఆగిపోయేవి. రోగి, వృద్ధుడు, శవం, సన్యాసి కనిపించే ఆ భాగాల దగ్గర నేను ప్రతిసారీ కళ్లు తుడుచుకున్నాను.

ఈసారి పక్కన ఎనిమిదో తరగతి చదివే మనవరాలు ఉంది. ఆ ఘట్టం రాగానే అడిగింది: “తాతా, ఆయనకప్పుడు ఎన్నేళ్లు?”

“ఇరవై తొమ్మిది.”

“ఇరవై తొమ్మిదేళ్లు ఒక్క ముసలివాణ్ణి కూడా చూడలేదా? వాళ్లింట్లో ఎవరికీ జ్వరమే రాలేదా?”

నవ్వొచ్చింది. తర్వాత సిగ్గేసింది. ఎందుకంటే ఈ ప్రశ్న మన చేతుల్లోనే ఉంది. ‘ది బుద్ధ అండ్ హిజ్ ధమ్మ’ ముందుమాటలో బాబాసాహెబ్ లేవనెత్తిన మొదటి సమస్య ఇదే. రోజూ వందల సంఖ్యలో జరిగే సంగతులు ఇరవై తొమ్మిదేళ్ల మనిషి కంట ఎలా పడకుండా ఉంటాయన్నది ఆయన అభ్యంతరం. 1957లో, ఆయన పరినిర్వాణం తర్వాత అచ్చయిన పుస్తకం అది. మన ఇళ్లలో అల్మరాలో ఉంటుంది. సీరియల్ చూస్తున్నప్పుడు మాత్రం గుర్తుకు రాదు.

బాబాసాహెబ్ చెప్పిన కథ వేరు. సిద్ధార్థుడు ఇరవై ఏళ్లకు శాక్య సంఘంలో సభ్యుడయ్యాడు. ఎనిమిదో ఏట రోహిణీ నది నీళ్ల కోసం శాక్యుల పనివాళ్లూ కోలియుల పనివాళ్లూ కొట్టుకున్నారు. సేనాపతి యుద్ధం చేద్దామన్నాడు. సిద్ధార్థుడు లేచి, తప్పు ఎవరిదో ముందు తేలుద్దామన్నాడు. రెండు వైపుల నుంచీ ఇద్దరేసి, ఆ నలుగురూ ఎన్నుకున్న మరొకరు కలిసి తగాదా తీర్చాలన్నాడు. ఓటులో ఓడిపోయాడు. మర్నాడు, ఇరవై నుంచి యాభై ఏళ్ల లోపు శాక్యులంతా ఆయుధం పట్టాలన్నారు. తాను పట్టనన్నాడు. నీ కుటుంబాన్ని సాంఘికంగా బహిష్కరిస్తాం, పొలాలు లాక్కుంటాం అని బెదిరించారు. నా వాళ్లను వదిలెయ్యండి, నేనే దేశం విడిచి పరివ్రాజకుణ్ణవుతాను అన్నాడు.

సాంఘిక బహిష్కరణ అన్న మాట మనకు పుస్తకంలో చదివి తెలుసుకునేది కాదు. 1991లో చుండూరులో ఊచకోతకు ముందు దళితుల మీద పెట్టింది అదే. ఆ మాట దగ్గర బాబాసాహెబ్ పాఠకుడు ఆగిపోతాడు.

సీరియల్లో కథను నడిపేది సింహాసనం. దేవదత్తుడి అసూయ, అంతఃపురంలో కుట్రలు అన్నీ కిరీటం చుట్టూనే తిరుగుతాయి. కానీ బాబాసాహెబ్ వర్ణించిన కపిలవస్తులో వారసత్వంగా వచ్చే గద్దె లేదు. పెద్ద కుటుంబాలు వంతులవారీగా ఏలేవి. సిద్ధార్థుడు పుట్టినప్పుడు వంతు శుద్ధోదనుడిది. నిర్ణయాలు సంఘంలో ఓటుతో జరిగేవి. గద్దె మీద ఉండగా సన్యాసి అయినవాడు గొప్ప త్యాగి. సభలో ఒంటరిగా లేచి కాదన్నవాడు పౌరుడు. ‘రాజులకు రాజు’ అన్న పేరు పెట్టగానే ఈ పౌరుడికి చోటు లేకుండా పోయింది.

యశోధరకు కూడా అన్యాయమే జరుగుతుంది. నిద్రపోతున్న భార్యను వదిలి అర్ధరాత్రి వెళ్లిపోయాడన్న పాత కథలో ఆమెకు మిగిలేది కన్నీరే. బాబాసాహెబ్ రాసిన యశోధరకు అన్నీ ముందే తెలుసు. నీ స్థానంలో ఉంటే నేనూ అదే చేసేదాన్ని, రాహులుడు లేకపోతే నీతోనే వచ్చేదాన్ని అంటుంది.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. నాలుగు దృశ్యాలను సీరియల్ కల్పించలేదు. అశ్వఘోషుడి ‘బుద్ధచరితం’ నుంచీ ఆ కథ ఉంది. రోహిణీ తగాదా కూడా పాళీ అట్టకథల్లో బుద్ధత్వం తర్వాతి సంఘటనగా వస్తుంది. బాబాసాహెబ్ దాన్ని గృహత్యాగానికి కారణంగా నిలబెట్టారు. కాబట్టి నా పేచీ చరిత్ర గురించి కాదు, ఏ కథ మనల్ని ఏమడుగుతుందన్న దాని గురించి. రథం మీద నుంచి దుఃఖాన్ని చూసినవాడి కథ మనల్ని కంటతడి అడుగుతుంది. సభలో ఓడినవాడి కథ, నువ్వెటు ఓటేశావని అడుగుతుంది.

నేనెటు వేశానో చెబుతాను. ఒక వేసవిలో మా వీధి కుళాయి దగ్గర బిందెల వరుస తప్పిందని ఇద్దరు ఆడవాళ్ల మధ్య మాటామాటా పెరిగింది. సాయంత్రానికి అది ‘తెలుగోళ్లు’, ‘ఒడియావాళ్లు’ అయింది. మావాళ్లు కర్రలు తీశారు. రెండు వైపుల పెద్దలూ కూర్చుని గంటలు పంచుకోవాలని మాలో ఒకాయన అన్నాడు. పిరికివాడన్నారు. కర్రలు లేవలేదు గానీ చాలా రోజులు ఆయనతో ఎవరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఆ వారం కూడా సీరియల్ చూసి కళ్లు తుడుచుకున్నాను.

సీరియల్ చూడొద్దని నేననను. పిల్లలకు తథాగతుడి ముఖాన్ని దగ్గర చేసింది అదే. కానీ నాలుగు దృశ్యాల భాగం వచ్చిన ఆదివారం, వందన అయ్యాక, బాబాసాహెబ్ పుస్తకంలో మొదటి కాండం తీసి రోహిణీ ఘట్టం పిల్లల చేత పైకి చదివించండి. మా ఇంట్లో పోయిన వారం మనవరాలు చదివింది. యుద్ధం ఆగిపోయిందన్న కబురు వచ్చాక కూడా సిద్ధార్థుడు ఇంటికి తిరిగి వెళ్లడు. మనుషుల మధ్య, వర్గాల మధ్య ఎప్పుడూ ఉండే ఘర్షణకు మందు వెతకాలంటాడు. అక్కడ ఆగి, “తాతా, ఆ కుళాయి తాతయ్య ఇప్పుడెక్కడున్నారు?” అని అడిగింది.

నిమ్పురాలోనే ఉన్నాడని చెప్పాను. వచ్చే ఆదివారం వందనకు పిలవడానికి వెళుతున్నాం.